అక్కా అన్న నోరు

కదలదు. ఈ ఆటో కదలదు, ముంగటున్న టెంపో కదలదు, టెంపో మీద తాళ్లు గుంజి కట్టిన చీరల మూటలు కదలవు, పక్కన కూసున్న అమ్మ అయితే అసలే కదలదు. పైన వాన, కింద బురద, నడుమ విజయరాణి. రాఖీ పున్నమి నాడు నవాగామ్ నుంచి భేస్తాన్‌కు ఆటోల బయలెల్లుడంటే బుద్ధి ఉన్నోళ్లు చేసే పనేనా? సూరత్‌ల ఉన్న అక్కచెల్లెండ్లంత ఇయ్యాల్నే రోడ్డెక్కిన్రు, మొగుళ్ల బండ్ల వెనుక కూసొని, ఒళ్లె మిఠాయి డబ్బాలు పెట్టుకొని, తడిసిన కొంగులు పిండుకుంట. వాళ్ల మొఖాలల్ల పండుగ ఉన్నది. తన మొఖంల ఏమున్నదో ఆటో అద్దంల కనపడ్తనే ఉన్నది, చూడబుద్ధి కాక విజయరాణి పక్కకు తిప్పుకున్నది. పక్కకు తిప్పితే అమ్మ సంచి. నల్ల రెగ్జిన్ సంచి, జిప్పు సగం పోయింది, ఆ పోయిన సగం మీద అమ్మ అరచెయ్యి, ఎవడో గుంజుకపోతడన్నట్టు. లోపల ఏమున్నదో బిడ్డకు తెల్వదనుకుంటున్నది పాపం వజ్రమ్మ. పొద్దున అమ్మ స్నానానికి పోయినప్పుడు విజయరాణి చూడనే చూసింది: పేడా మిఠాయి డబ్బా, డబ్బా కింద తమలపాకులు, ఆకుల కింద కాగితంల చుట్టిన రాఖీ. ఎర్ర దారం, నడుమ బంగారు రంగు పువ్వు. ఒక్కటే రాఖీ. అమ్మకు అన్నదమ్ములు లేరు, విజయరాణికి తోడబుట్టినోళ్లు లేరు, మరి ఎవరికి ఈ రాఖీ? చిన్నపిల్లనడిగినా చెప్తది. భేస్తాన్‌ల ఉన్నది రవీంద్ర. ముప్పై తొమ్మిదేండ్ల బిడ్డతోని ఇంకోసారి, అందరి ముంగట, రవీంద్ర చేతికి రాఖీ కట్టిచ్చి, వీడు నీ అన్ననే, ఈ ముచ్చట ఇగ బంద్ అంటది. ఒక్కసారి చేసింది చాలదా తల్లీ? ఒక్క మనిషి బతుకును ఒక్కటే దారంతోని రెండుసార్లు కోస్తరా ఎవరన్న?

అసలు రవీంద్ర అన్న ఎట్లయితడు? ఇంటిపేరు వేరు, గోత్రం వేరు, ఊరు గూడ వేరు. వాళ్లది సిరిసిల్ల దిక్కు, వీళ్లది జమ్మికుంట దిక్కు. ఉన్నది ఒక్కటే చుట్టరికం, రైలు చుట్టరికం. విజయరాణి చంకల ఉన్నప్పుడు, సాంచల మీద, అంటే మరమగ్గాల మీద పనికి సూరత్ పోదామని బాపు రాజనర్సు అమ్మను తోలుకొని జనరల్ డబ్బా ఎక్కిండు. కాలు పెట్ట సందు లేదు. మూటల మీద ఒకామె కూసున్నది, పక్కన మొగడు, కాళ్లకాడ కొడుకు. అమ్మ ఆమె దిక్కు చూసి, "అక్కా, జర జరుగవా" అన్నది. అంతే. గా ఒక్క మాట. ఆమె జరిగింది, చోటిచ్చింది, రొట్టెముక్క ఇచ్చింది, రాత్రంత ఈ చంటిదాన్ని ఎత్తుకున్నది. ఆమే నర్సవ్వ. సూరత్‌ల దిగినంక నవాగామ్‌ల పక్కపక్క అర్రలల్ల కిరాయికి దిగిన్రు. నర్సవ్వ అక్క అయింది గనుక ఆమె మొగడు దశరథం బావ అయిండు, కొడుకు రవీంద్ర అక్క కొడుకు అయిండు, అక్క కొడుకంటే బిడ్డకు అన్న. ఇగ తిప్పలు చూడు! కూసోను జాగ అడిగిన మాట, పెండ్లికి అడ్డం పడ్డది. అదే నోటితోని "వదినా, జర జరుగవా" అంటే ఏం పోతుండె? జాగ అప్పుడు గూడ ఇచ్చేదే కద నర్సవ్వ! వదినె కొడుకైతే బావ అయితుండె, బాజాలు మోగుతుండె, ఇంత కథ లేకుండె. కాని మా అమ్మకు అక్కా అనే తోచింది. నోటికి ముందొచ్చిన మాట నుదుటి రాత అయింది.

"కొంగు లోపలికి తీసుకో, తడుస్తది," అన్నది వజ్రమ్మ.

పొద్దటి సంది అమ్మ మాట్లాడింది ఇదే. దానికి ముందు "తయారుగా, భేస్తాన్ పోదాం" అన్నది. ఎందుకు అంటే ఉలుకు లేదు, పలుకు లేదు. నెల మీద పదిహేను దినాలాయె ఇంట్ల ఇదే వరుస, తిన్నవా, పన్నవా, గ్యాసు బంద్ చేసినవా. మనసుల ఉన్నది తప్ప అన్ని మాట్లాడ్తది. తిట్టరాదే, రెండు దెబ్బలన్న కొట్టరాదే! కొడితే ఏడ్వచ్చు, తిడితే తిరిగి ఒర్రచ్చు, గీ ఊకుండుడుకు ఏం జవాబు చెప్పాలె. కొంగు లోపలికి తీసుకోలే విజయరాణి. తడువనీ. తడిసిన కొంగు తోని పోతే రాఖీ కట్టకుండ ఆపుతరా ఏమన్న.

కొంగు తడుస్తుంటే వాన వాసనకు ఎటో పోయింది మనసు. వాన వాసనల నూనె వాసన గలిస్తే అది సాంచల షెడ్డు. బాపుకు సద్ది తీసుకపోతుండె తను, పదో తరగతి అయిపోయిన ఎండకాలం నుంచి. గేటు దాటంగనే చెవులు మూసుకపోయేటియి. లోపల మాట అనేది ఉండదు, చేతులే మాట్లాడ్తయి. ఇద్దరు మేస్త్రీలు కొట్లాడుకున్నా చేతుల తోనే. రవీంద్ర అప్పుడప్పుడే పనిల చేరిండు, తెగిన పోగులు అతికే పని. మూతి మీద నూనూగు మీసం, బనీను మీద దూది. తను సద్ది పెట్టి తిరిగి చూస్తే, సాంచల ఆ పక్క నుంచి చెయ్యెత్తి, బొటనవేలు చూపుడువేలు కలిపి పోగు పేనినట్టు పేనెటోడు. అంటే సాయంత్రం నల్లాకాడికి రా అని. అది ఇద్దరికే తెలుసు. నల్లాకాడ ఏం మాట్లాడుకున్నరంటే ఏం లేదు, బిందె నిండేదాక నిలబడుడు, నిండినంక కావాల్నని పారబోసి మళ్ల పట్టుడు. ఒకనాడు మూడుసార్లు పారబోసింది, వెనుకున్న ఒడియా ఆమె లొల్లి పెట్టింది. ఎంత నవ్విన్రు ఆనాడు! నవ్వితే చెవికాడ గుసగుసగ మాట్లాడెటోడు రవీంద్ర, షెడ్డుల ఒర్రి ఒర్రి గొంతు పోయింది, నీ దగ్గరనే దాసుకుంట అని. ఆ గుసగుస ఏడపోయిందో ఇప్పుడు.

హారన్లు. ముంగటి టెంపోడు దిగి ఎవనితోనో కొట్లాడ్తుండు. "ఆజ్ తో ఐసా హీ రహేగా మాజీ," అన్నడు ఆటో ఆయన, తంబాకు నలుపుకుంట, ఇయ్యాలంత ఇంతే, కొంపలేం మునగలేదన్నట్టు. ఆయన కొంప మునగదు. మునిగేది వెనుక సీటుల ఉన్నది.

మునుగుడు కొత్తనా. ఆ సంవత్సరం గూడ గిట్లనే రాఖీ పున్నమి, గిట్లనే వాన. ఎవరో చెవిల వేసిన్రు, నీ బిడ్డ బిందె రెండుసార్లు పడుతున్నది వజ్రమ్మా అని. అమ్మ బిడ్డను తిట్టలే. నర్సవ్వను అడగలే. బజారుకు పోయి రాఖీ తెచ్చింది, అందరు జంధ్యాలు మార్చుకొని పీటల మీద కూసున్న యాళ, గల్లీ గల్లీ చూస్తుండంగ, "నీ అన్నకు కట్టుమే" అన్నది. తను మొండిగ నిలబడ్డది. రవీంద్ర దిక్కు చూసింది. ఒక్క మాట అనరా, నాకు వద్దు అను, కడుపునొప్పి అను, ఏదన్న అను. రవీంద్ర ఏం చేసిండు? చెయ్యి చాపిండు! కాడికి ఎద్దు మెడ వంచినట్టు, గమ్మున చెయ్యి చాపిండు. ఇరవై రెండేండ్లాయె, ఆ చాపిన చెయ్యి యాదికొస్తే ఇప్పటికి గూడ చెంప పగలగొట్టాలె అనిపిస్తది. కట్టింది. ఏడ్వకుంట కట్టింది. కాని సాలోళ్ల బిడ్డ గద, ఊకనే కడతదా? ఒక్క కొస గుంజితే ఊడిపోయే ముడి వేసింది. పోగులు అతికే పిల్లగాడు, పొద్దుమాపు ముడులల్లనే బతికెటోడు, చూడంగనే అర్థం చేసుకుంటడు, గుంజేస్తడు, సాయంత్రం నల్లాకాడికి వస్తడు అనుకున్నది. రాలే. పోయిన బతుకమ్మ నాడు కలిసినప్పుడు అడిగితే ఏమన్నడో ఎరుకేనా? "ఆ రాఖీనా? పొద్దుగూకేసరికి ఎట్లనో ఊడిపోయింది, నేను భయపడి మళ్ల బిగించి కట్టుకున్న" అన్నడు. బిగించి కట్టుకున్నడట! ఓరి దేవుడా, గిసొంటోన్ని రాసిపెట్టినవా నాకు.

ఆ తర్వాత అన్ని ఎట్ల జరగాల్నో అట్లనే జరిగినయి. నర్సవ్వోళ్లు భేస్తాన్‌కు మారిన్రు. విజయరాణిని జగిత్యాల దిక్కు ఇచ్చిన్రు, ఆ మొగనికి భీవండిల ఇంకో సంసారం ఉన్నదని తేలింది, పెద్దమనుషులల్ల తెగదెంపులయినయి. తిరిగొచ్చి లేసులు కుట్టే మిషన్ పెట్టుకున్నది, బాపు పోయిండు, అమ్మా తనూ మిగిలిన్రు. రోజుకు ఎన్ని చీరల అంచులు కుట్టినా తన బతుకుకే అంచు లేకపాయె అని నవ్వుకునేది. అట్లనే గడిచిపోతుండె. పోయిన బతుకమ్మకు మైదానంల ఎవరో "హారతీ! ఓ హారతీ!" అని ఒర్రుతున్నడు, ఆడోళ్లంత తిరిగి చూసేటంత ఒర్రుడు, ఆ గొంతు తెల్వదు గని, బిడ్డను పిలుస్తు పిలుస్తు ఆ మనిషి వేళ్లు పోగు పేనుతున్నయి. తెల్వకుంటనే, అలవాటుకు. రవీంద్రనే! పెండ్లాం జ్వరమొచ్చి పోయి నాలుగేండ్లట. బిడ్డ ఆరో తరగతి. సాంచలు రిపేరు చేసే మాస్టర్ అయిండట, చెవులు సాంచలకే ఇచ్చేసిండు. చెవిల పెట్టుకునే మిషను ఉన్నది, దాన్ని అంగీ జేబుల పెట్టుకుంటడు, అరిగిపోతదని! ఇగ గుసగుస యాడిది? ఉధ్నాల చాయ్ బండికాడ కలుస్తే, నువ్వంటే ఇప్పటికి ప్రేమే అని చెప్పాల్నంటే ఊరందరికి చెప్పాలె. రోడ్డు అవుతల కొబ్బరిబొండాల వానికి గూడ వినపడాలె. పదిహేడేండ్లప్పుడు గొంతు ఉండె గని చెప్పుకునే ధైర్యం లేకపాయె, ఇప్పుడు ధైర్యం ఉన్నది గని వినే చెవి లేకపాయె.

హారతి మంచిది. మూడు భాషలు కలిపి మాట్లాడ్తది. ఒకనాడు ఐస్‌క్రీం తినుకుంట, "మీకో క్యా బులావూఁ నేను? ఫోయీ అనాల్నా, మాసీ అనాల్నా?" అన్నది. ఫోయీ అంటే నాయిన చెల్లె, మాసీ అంటే అమ్మ చెల్లె. ఏం చెప్పాలె ఆ పిల్లకు? అడుగుమని విజయరాణి వాళ్ల నాయిన దిక్కు చూపెట్టింది. వాళ్ల నాయిన ఏమన్నడు? "ఆఁ?" అన్నడు.

నీ ఆఁ కాలిపోనూ! అడుగు మా అమ్మను అంటే వచ్చే ఆదివారం అంటడు. ఆదివారం వస్తే దీపావళి పండుగ కానియ్యి అంటడు. పండుగ అయితే ఉత్తరాయణం అంటడు. ఏమన్న అంటే, సిన్నమ్మ మొఖం చూస్తే నోరు వస్తలేదు అంటడు. చూడు, మా అమ్మను ఇంక సిన్నమ్మా అనే అంటున్నడు! మనమే పోయి దండలు మార్చుకుందాం, ఎవనికి భయం అంటే, అన్నను చేసుకున్నదని నిన్నంటరు, హారతిని బళ్లె అడుగుతరు, సిన్నమ్మ ఒప్పుకుంటేనే అంటడు. అదీ నిజమే, అందుకే ఇంక కోపం. చివరికి అడిగింది ఎవరంటే ఎవ్వరు కాదు. చాయ్ బండికాడ చెవిల మిషను లేక, తన గొంతు తనకు తెల్వక, "మీ అమ్మను ఒప్పిచ్చి నిన్నే చేసుకుంట!" అని ఒర్రిండు. వెనుక నవాగామ్ ఆమె వడాపావ్ తింటున్నది. సాయంత్రం వరకు వజ్రమ్మకు చేరింది. ఆ రాత్రి అమ్మ ఒక్కటే అన్నది: "అక్కా అని పిలిచిన నోటితోని వియ్యపురాలా అని ఎట్ల పిలువాలె బిడ్డా?" అటెంక దీపం తీసేసినట్టు మాటలు తీసేసింది. నాకూ వయసు అయిపోతున్నది కదనే, రేపు నువ్వు పోతే నాకెవరున్నరే, అని అడుగుదామని లేస్తుండె విజయరాణి, అమ్మ నిద్రపోయినట్టు పడుకుంటుండె. చెవిటోని ముంగట శంఖం ఒకటి, నిద్ర నటించేదాని ముంగట శంఖం ఒకటి. ఊది ఊది దవడలు పోయినయి.

ఆటో కదిలింది. కదలకున్నా మంచిగుంటుండె అనిపించింది ఇప్పుడు. పాండేసరా మిల్లుల పొగగొట్టాలు ఒక్కొక్కటే వెనుకకు పోతున్నయి. దుంకి పారిపోదామా? ఈ వయసుల, ఈ బురదల? కాదు. పోత. కట్టుమంటే కట్ట. ఈసారి ఊడిపోయే ముడి గూడ వెయ్య. అసలు దారమే ముట్ట. ఏమైతే అదైతది. నిండా మునిగినంక చలేంది.

నర్సవ్వోళ్ల ఇల్లు గల్లీ మొగదలనే. వాకిట్ల పసుపు నీళ్ల వాసన. దశరథం కుర్చీల కూసున్నడు, బనీను మీద కొత్త జంధ్యం. నర్సవ్వ "వజ్రవ్వా" అని లేవబోయి మోకాలు పట్టుకున్నది. "రా సిన్నమ్మా!" అని ఒర్రిండు రవీంద్ర. సిన్నమ్మా! కొత్త అంగీ తొడిగిండు, చేతులు మోచేతుల దాక మడిచిండు. రెండు మణికట్లు బోసిగున్నయి. హారతి తలుపుకాడ నిలబడి పెద్ద కండ్లేసుకొని చూస్తున్నది.

వజ్రమ్మ కూసోలే. నీళ్లు తాగలే. నిలబడే సంచిల చెయ్యి పెట్టింది, డబ్బా తీసింది, ఆకులు తీసింది, కాగితం విప్పింది. ఎర్ర దారం. విజయరాణి రవీంద్ర దిక్కు చూసింది. అతను దారాన్ని చూసిండు. చూసి, మెల్లగ, రెండు చేతులు వెనుకకు పెట్టుకున్నడు. వీపు గోడకు ఆనిచ్చి, దొంగతనం దొరికిన పోరని లెక్క, చేతులు దాసుకున్నడు. ఇరవై రెండేండ్లు ఆలస్యంగ. విజయరాణికి ఏడుపూ కోపమూ ఒక్కసారే పొంగినయి. దాసుకున్నవు, సరే, మరి నోరేది? ఇప్పుడన్న ఒక్క మాట? లేదు, ఇగ వీడు మాట్లాడడు, తనే మాట్లాడాలె.

"నేను కట్టనమ్మా," అన్నది. "సచ్చినా కట్ట."

"నిన్నెవరు కట్టుమన్నరే?" అన్నది వజ్రమ్మ. "జర జరుగు."

బిడ్డను మోచేత్తోని పక్కకు తోసి, నడుము పట్టుకుంట పోయి, దశరథం ముంగట నిలబడ్డది.

"చెయ్యి ఇటు తే, అన్నా."

ముసలాయన కండ్లజోడు మీదికి తోసుకున్నడు. "అన్ననా? ఇన్నేండ్ల సంది బావా బావా అంటివి గదనే వజ్రవ్వా."

"అంటి. ఇయ్యాల్టి నుంచి అనను. నాకు తోడబుట్టినోడు లేడు, నాకు అన్నవు కా."

కట్టింది. కొసలు మెలేసి, తడి చేసి, ఇంకోసారి మెలేసి, నేతోళ్ల ముడి వేసింది, గుంజితే బిగుసుకుంటది గని ఊడది. పేడా నోట్ల పెట్టింది. అప్పుడు తిరిగి నర్సవ్వ మొఖంలకు చూసింది. చానాసేపు చూసింది, రైల్ల మొదటిసారి చూసినట్టు.

"వదినా," అన్నది. "జర నీళ్లియ్యి."

నర్సవ్వ మోకాలు పట్టుకొనే లేచింది. కండ్లు నిండినయి. "ఇస్తగని వదినే," అన్నది, "నీళ్లడుగుతానికి ఇన్నేండ్లా?"

అన్న. అన్న పెండ్లాం వదినె. అన్న కొడుకు మేనల్లుడు. మేనల్లుడంటే బిడ్డకు... గింతేనా? గింత సులువుగనా? ఒక్క దారం, ఒక్క మాట! ఇది అమ్మ సంచిలనే ఉండెనా ఇన్ని దినాలు? సంతోషపడాలె కద, సంతోషం వస్తలేదు, ఒళ్లంత కోపమే వస్తున్నది, ఇరవై రెండేండ్ల కోపం, పారబోసిన బిందెల కోపం, జగిత్యాల అర్రల ఒక్కతే ఏడ్చిన కోపం.

"గీ రాఖీ ఏదో అప్పుడే ఆయనకు కట్టకపోయినవా!" అని ఒర్రింది. "అప్పుడే కడితే ఏం పోయేదే నీ సొమ్ము?"

వజ్రమ్మ గ్లాసు చేతుల పట్టుకొని కూసున్నది. "ఏం పోకుండె," అన్నది. "నలుగురు నవ్వుతరేమో అని భయపడ్డ. గంతే బిడ్డా."

గంతే. హారతి వచ్చి కొంగు గుంజుతున్నది, "తో అబ్ క్యా? ఫోయీ కాదు కద?" అని. కాదు బిడ్డా, ఫోయీ కాదు. ఎదురుంగ గోడకు ఆనుకొని ఆ మనిషి, చేతులింక వెనుకనే, మిషను జేబులనే, ఏమైందో సగం సమజై సగం కాక, నవ్వాల్నో వద్దో తెల్వక, "ఏమన్నది? సిన్నమ్మ ఏమన్నది?" అని అందరినడుగుతున్నడు.

విజయరాణి కండ్లు తుడుచుకున్నది. రెండడుగులు వేసి, మెడ పట్టి వంచినంత పని చేసి, చెవికాడ నోరు పెట్టి, ఎన్నడు అనని మాటతోని మొదలుపెట్టింది.

"బావా! చేతులు దాసుకునుడు వచ్చు గని, నోరు తెరుసుడు రాదా నీకు?"

గల్లీల పిల్లలు తొంగిచూసిన్రు. ఈసారి రవీంద్రకు రెండోసారి చెప్పాల్సిన పని పడలే.